అరచేతిలో ఒక దీవి భాష

2004 డిసెంబరు 26, ఆదివారం. క్రిస్మసు మరునాటి ఉదయం. కార్ నికోబార్ దీవిలో పండుగ సందడి ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. ఆరున్నర గంటల వేళ భూమి కంపించింది. సుమత్రా తీరాన సముద్రగర్భంలో పుట్టిన ఆ భూకంపం తీవ్రత 9.1. కొంతసేపటికి సముద్రం లేచి వచ్చింది. కార్ నికోబార్ అరచేయిలా చదునైన దీవి. తలదాచుకోవడానికి చెప్పుకోదగిన కొండ లేదు. ఊళ్లన్నీ కొబ్బరితోపుల నీడన, తీరం వెంబడే ఉండేవి. నీరు తీసిన తరవాత చూస్తే ఇళ్లున్న చోట ఇసుక మిగిలింది. అండమాన్ నికోబార్ దీవులన్నింటిలో కలిపి వేలమంది మరణించారు, గల్లంతయ్యారు.

ప్రాణాలు పోయిన చోట పుస్తకాల మాట ఎత్తడం తగదేమో. అయినా ఆ నీటిలో కొట్టుకుపోయినవాటిలో ఒక పుస్తకం సంగతి చెప్పుకోవలసినదే. నికోబారీలలో అత్యధికులు క్రైస్తవులు. వారి ఇళ్లలో, ప్రార్థనామందిరాలలో, రోమన్ లిపిలో నికోబారీ మాటలతో అచ్చయిన బైబిలు ఉండేది. ఆ భాషలో అచ్చయిన గ్రంథాలు బహు కొద్ది. వాటిలో అంత పెద్దది మరొకటి లేదు. ఇంగ్లీషు బైబిలు పోతే ఏ పట్టణపు దుకాణంలోనైనా మరొకటి దొరుకుతుంది. ఇరవైతొమ్మిది వేలమంది మాట్లాడే భాషలోని గ్రంథం పోతే, మళ్లీ ఎవరో ఎక్కడో అచ్చువేసి, ఓడలో పంపితే తప్ప దొరకదు.

నేడు అరచేతిలో ఇమిడే ఫోనులో అటువంటి గ్రంథాలు వంద పడతాయి. కాగితం తడుస్తుంది, చెదలు పడుతుంది, చిరుగుతుంది. ఫోనులోని అక్షరానికి ఆ బాధలు లేవు. కనుక ఆ గ్రంథాన్ని ఫోనులోకి ఎక్కిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కాని, ఎక్కించడమనే ఆ ఒక్క మాట వెనుక ఎంత పని దాగి ఉన్నదో తెలియాలంటే రెండు కథలు తెలియాలి. ఒకటి, ఆ గ్రంథం పుట్టిన కథ. రెండవది, గ్రంథాలు అరచేతిలోకి వచ్చిన కథ.

ముస్ గ్రామపు బాలుడు

పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 270 కిలోమీటర్ల దూరంలో ఉంది కార్ నికోబార్. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీవిజయపురంగా మారింది. కార్ నికోబార్ ఉత్తరపు కొసన ఉన్న పల్లె ముస్. పందొమ్మిదో శతాబ్ది చివరి దశకంలో అక్కడికి వేదప్పన్ సాలమన్ అనే తమిళ ఉపదేశకుడు వచ్చి స్థిరపడ్డాడు. చిన్న బడి పెట్టాడు. ఆ బడిలో చేరిన పిల్లలలో హా-చెవ్-కా అనే బాలుడొకడు. చురుకైనవాడు. పై చదువుకు అతడిని బర్మాలోని మాండలేకు పంపారు. జాన్ రిచర్డ్‌సన్ అనే పేరుతో తిరిగి వచ్చి, తన దీవిలోనే ఉపాధ్యాయుడయ్యాడు, ఉపదేశకుడయ్యాడు.

ఆనాటికి నికోబారీ భాషకు తనదైన లిపి లేదు. అది ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబానికి చెందిన భాష. హిందీతో గాని, తమిళంతో గాని, తెలుగుతో గాని దానికి చుట్టరికం లేదు. జార్జి వైట్‌హెడ్ అనే ఆంగ్ల మతగురువు ఆ భాషకు సంకలనం చేసిన నిఘంటువు 1925లో రంగూనులో అచ్చయింది. నికోబారీలో అచ్చులు ఎక్కువ. రోమన్ లిపిలో ఉన్న అయిదు అచ్చులు దానికి ఏ మూలకూ చాలవు. అందుచేత అక్షరాల నెత్తిన చుక్కలు, గీతలు చేర్చవలసివచ్చింది. చుక్క మారితే ధ్వని మారుతుంది, ధ్వని మారితే అర్థమే మారిపోతుంది. ఈ చుక్కల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. కథ చివర అవి మళ్లీ వస్తాయి.

1942లో జపాను సైన్యం ఈ దీవులను ఆక్రమించింది. యుద్ధం చివరి రోజులలో శత్రువులకు గూఢచారులన్న అనుమానంతో కార్ నికోబార్‌లో ఎందరినో హింసించి చంపారు. రిచర్డ్‌సన్ కూడా మృత్యుముఖం దాకా వెళ్లాడు. 1945లో జపాను లొంగిపోవడంతో ప్రాణాలతో బయటపడ్డాడు. ఆయన ఆనాడు మరణించి ఉంటే, ఆ భాషలో ఆ గ్రంథం ఆ రూపంలో ఉండేది కాదు. ఒక భాష సాహిత్యమంతా ఒక మనిషి ఊపిరి మీద ఆధారపడి ఉండడమంటే ఏమిటో ఊహించడం, వేయేళ్ల కావ్యసంపద గల భాషలో పుట్టినవారికి కష్టమే.

యుద్ధానంతరం ఆయన 1950లో బిషప్ అయ్యారు. 1952లో ఏర్పడిన మొదటి లోక్‌సభలో అండమాన్ నికోబార్ దీవుల ప్రతినిధిగా కూర్చున్నారు. పదవుల మధ్య, ఓడ ప్రయాణాల మధ్య అనువాదం సాగుతూనే ఉండింది. ముందు కొత్త నిబంధన, అటుపిమ్మట 1969లో సంపూర్ణ బైబిలు నికోబారీలో వెలువడ్డాయి. 1975లో పద్మభూషణ్ లభించింది. 1978లో ఆయన కన్నుమూశారు. కార్ నికోబార్‌లోని ఆసుపత్రి నేటికీ ఆయన పేరును ధరించి ఉంది.

పందులూ, గొర్రెలూ, మంచూ

అనువాదం చేసినవారికి తెలుస్తుంది, కష్టం పెద్ద మాటలలో ఉండదు, చిన్న మాటలలో ఉంటుందని. దైవం, పాపం, క్షమ అనే మాటలకు ఏదో ఒక దారి దొరుకుతుంది. గొర్రె, ద్రాక్ష, మంచు వంటి మాటల దగ్గర కలం ఆగిపోతుంది. కొబ్బరి, పోక, సముద్రం తప్ప మరొకటి ఎరుగని దీవిలో గొర్రెల మందను ఎలా నడిపించడం? వేసవికీ వర్షాలకూ మధ్య కాలం గడిచే చోట మంచును ఎలా కురిపించడం?

పందుల సంగతి మరీ చిక్కు. నికోబారీలకు పంది ఇంటి సంపద. వారి ఉమ్మడి కుటుంబాన్ని తుహెట్ అంటారు. ఆ కుటుంబపు గౌరవం, పండుగల వైభవం, పితృదేవతలకు చేసే విందు అన్నీ పందులతో ముడిపడినవే. బైబిలులో పంది అపవిత్ర జంతువు. మార్కు సువార్త అయిదవ అధ్యాయంలో ఇంచుమించు రెండువేల పందులు కొండచరియ నుండి నీటిలోకి దూకి మునిగిపోతాయి. పాలస్తీనా శ్రోతకు అది శుద్ధి. నికోబారీ శ్రోతకు ముందుగా తోచేది, పాపం, ఎవరి ఆస్తి అంతా నీటిపాలైందో అన్న జాలి. లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడు చివరకు పందులను మేపే పనికి దిగజారుతాడు. పందులను మేపడమే ఇంటి యజమాని పెద్దరికమైన చోట, ఆ పతనాన్ని పతనంగా చూపడమెట్లా? మాటకు మాట దొరికినా భావానికి భావం దొరకదు. అనువాదకుడు మాటను ఉన్నది ఉన్నట్లు నిలిపి, మిగిలినదానిని చదివేవారి వివేకానికి వదలవలసివస్తుంది.

తెలుగు అనువాదకులకు ఇటువంటి చోట ఒక ఆసరా ఉండేది. మంచును ఎరుగని కోస్తా జిల్లాల పాఠకుడికి కూడా హిమమనే మాట తెలుసు. సంస్కృతం ఆ అప్పును ఏనాడో ఇచ్చింది. హిమాలయాల కథలు వినని పల్లె లేదు. నికోబారీకి అటువంటి ఋణదాత లేడు. ప్రతి మాటనూ తన ఇంటి పెట్టెలోనుండే తీసుకోవాలి.

ఆ పెట్టెకు మరొక ప్రమాదం కూడా ఉండేది. పందొమ్మిదో శతాబ్దిలో నన్‌కౌరి ప్రాంతంలో ఉద్యోగం చేసిన డేనిష్ దేశీయుడు డి రోప్‌స్టార్ఫ్ ఒక విచిత్రమైన ఆచారాన్ని నమోదు చేశాడు. మనిషి చనిపోతే అతడి పేరును ఎవరూ పలకరాదు. ఆ పేరు ఏ వస్తువునైనా సూచించే మాటయితే, ఆ మాటను కూడా విడిచిపెట్టి మరొకటి కల్పించుకోవాలి. అంటే మనిషితోపాటు మాట కూడా సమాధి అవుతుంది. ఆయన కూర్చిన నన్‌కౌరి నిఘంటువు 1884లో కలకత్తాలో అచ్చయ్యేనాటికి ఆయన కూడా హత్యకు గురై మరణించాడు. దానిని పరిష్కరించి వెలువరించినది ఆయన భార్య. మనుషులతో మాటలు మరణించే దీవులలో, మనిషి మరణించాక మిగిలిన మాటల మూట అది. గ్రంథానికి ఉన్న విలువ ఇంతకన్న స్పష్టంగా మరెక్కడ కనిపిస్తుంది?

వచనానికి గుర్తు

ఇక రెండవ కథ. గ్రంథాన్ని వెంట తీసుకుపోవాలన్న కోరిక, కోరిన వాక్యాన్ని తక్షణం అందుకోవాలన్న తహతహ కొత్తవి కావు. బైబిలును అధ్యాయాలుగా విభజించినవాడు పదమూడో శతాబ్దికి చెందిన స్టీఫెన్ లాంగ్టన్ అంటారు. కొత్త నిబంధనలో వచనాలకు నేటి సంఖ్యలు వేసినవాడు ఫ్రెంచి ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్. అది 1551లో జరిగింది. పారిస్ నుండి లియాన్‌కు చేసిన ప్రయాణంలో తన తండ్రి ఈ పని చేశాడని అతడి కుమారుడు రాశాడు. గుర్రం కుదుపులకు కలం జారి, కొన్ని వచనాలు అడ్డదిడ్డంగా తెగాయని హాస్యమాడేవారు కూడా ఉన్నారు. ఏమైనా ఆ సంఖ్యలే నేటి సాఫ్ట్‌వేరుకు పునాది. అరవై ఆరు పుస్తకాలు, 1,189 అధ్యాయాలు, ప్రసిద్ధ ఆంగ్ల ప్రతి లెక్కన 31,102 వచనాలు. ప్రతి వచనానికీ ఒక చిరునామా ఉన్నది కనుకనే యంత్రం దానిని వెదకి తెస్తుంది.

ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చెప్పే పదసూచిక కోసం పారిస్‌లో 1230 ప్రాంతాన హ్యూ అనే మతాచార్యుని నాయకత్వంలో సన్యాసులు గుంపుగా కూర్చుని శ్రమించారు. 1737లో అలెగ్జాండర్ క్రూడెన్ ఆంగ్ల బైబిలుకు పదసూచికను వెలువరించాడు. ఏళ్లు పట్టిన ఆ పనిని నేటి ఫోను రెప్పపాటులో చేస్తుంది. కాని ఇంత సులువు కావడానికి నడుమ చాలా సంగతులు జరిగాయి.

అరచేతి కంప్యూటర్లు తొలిసారి జనసామాన్యానికి అందినప్పుడు వాటి జ్ఞాపకశక్తి అతి స్వల్పం. 1996లో వచ్చిన పైలట్ 1000 అనే యంత్రానికి 128 కిలోబైట్లు మాత్రమే. ఆ మరుసటి ఏడు వచ్చిన ఖరీదైన రకానికి ఒక మెగాబైటు. ఇంగ్లీషు బైబిలులో మాటల మధ్య ఖాళీలు, విరామచిహ్నాలు కలుపుకుంటే అక్షరాలు నలభై లక్షలు దాటుతాయి. అక్షరానికి ఒక బైటు చొప్పున లెక్క వేసినా నాలుగు మెగాబైట్లు కావాలి. కుంచెడు గింజలను సోలలో పోయాలన్న చందం. సాఫ్ట్‌వేరు రాసేవారు ఒక ఉపాయం పన్నారు. పదే పదే వచ్చే మాటలను ఏరి, ఒక్కొక్కదానికి చిన్న గుర్తు ఇచ్చి, మాటకు బదులు గుర్తును దాచారు. చదివేటప్పుడు గుర్తును మళ్లీ మాటగా విప్పారు. వేదపాఠానికి సంకేతాలు పెట్టుకున్న పూర్వుల తెలివి వంటిదే ఇది.

ఈ రంగంలో వ్యాపారంతోపాటు స్వచ్ఛంద సేవ కూడా మొదటి నుండి ఉంది. క్రాస్‌వైర్ బైబిల్ సొసైటీ వారి స్వోర్డ్ అనే సాఫ్ట్‌వేరు సంపుటిని ఎవరైనా తీసుకుని, మార్చుకుని, తమ భాషకు వాడుకోవచ్చు. చిన్న తెర, అంకెల మీటలు మాత్రమే గల ఫోన్ల కోసం గో బైబిల్ వచ్చింది. 2008 జూలైలో ఆపిల్ సంస్థ తన యాప్ స్టోరును తెరచిన తొలినాళ్లలోనే అమెరికాలోని ఒక చర్చి యూవెర్షన్ అనే యాప్‌ను ఉచితంగా అందులో ఉంచింది. అక్కడి నుండి అరచేతి బైబిలు ఖరీదైన వస్తువు కాకుండా పోయింది.

చిన్న భాషల వంతు తరవాత వచ్చింది. ఎస్.ఐ.ఎల్. అనే భాషాసంస్థ తయారుచేసిన స్క్రిప్చర్ యాప్ బిల్డర్ వల్ల, ప్రోగ్రాము రాయడం తెలియనివారు కూడా తమ గ్రంథాన్ని ఫోనుకు తగిన యాప్‌గా మలచుకోవచ్చు. అయితే దానికి ముందు పాఠం సిద్ధం కావాలి. సీసపు అచ్చుల నాటి పుస్తకాన్ని ఇద్దరు వేరువేరుగా టైపు చేస్తారు. రెండు ప్రతులను యంత్రం పోల్చి, తేడాలను చూపుతుంది. ఒకరు తప్పిన చోట మరొకరు తప్పే అవకాశం తక్కువ. అటుపిమ్మట ప్రతి అధ్యాయానికి, ప్రతి వచనానికి, ప్రతి శీర్షికకు అంతర్జాతీయంగా అంగీకరించిన గుర్తులు వేస్తారు. ఒక గుర్తు తప్పితే ఆ వచనం ముందు వచనంలో కలిసిపోయి, అడిగినవారికి కనపడకుండా పోతుంది. కీర్తనల సంఖ్యలే అన్ని సంప్రదాయాలలో ఒకటి కావు. హీబ్రూ లెక్కలో ఇరవైమూడవ కీర్తన, గ్రీకు లెక్కలో ఇరవైరెండవది. రెండు భాషల పాఠాలను పక్కపక్కన చూపాలంటే ఈ లెక్కల మధ్య వంతెన కట్టాలి.

చుక్కల కథ

ముందు గుర్తుంచుకోమన్న చుక్కలు ఇక్కడ మళ్లీ వస్తాయి. కంప్యూటరుకు చుక్క గల అక్షరాన్ని రెండు విధాల చెప్పవచ్చు. చుక్కతో కూడిన ఒకే అక్షరంగా చెప్పవచ్చు. లేదా అక్షరాన్ని ఒకటిగా, చుక్కను మరొకటిగా చెప్పి, రెండింటినీ అతికించవచ్చు. తెర మీద రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. కంటికి తేడా తెలియదు. యంత్రానికి మాత్రం అవి రెండు వేరువేరు మాటలు. టైపు చేసిన ఇద్దరిలో ఒకరు ఒక విధంగా, మరొకరు మరొక విధంగా చేస్తే, వెదికినవారికి సగం వచనాలే దొరుకుతాయి. మిగిలిన సగం గ్రంథంలోనే ఉంటాయి, కాని లేనట్టే. కనుక మొత్తం పాఠాన్ని ఒకే పద్ధతికి తేవాలి.

ఇంతకన్న పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. ఫోనులో ఇంగ్లీషు మీటలతో టైపు చేసే కుర్రవాడు చుక్కల కోసం వెదకడు. ఉత్త అక్షరాలనే కొడతాడు. చుక్కలు ఉంటేనే మాట దొరుకుతుందని యంత్రం పట్టుబడితే, అతడు విసిగి ఇంగ్లీషు ప్రతినో, హిందీ ప్రతినో తెరుస్తాడు. ఎందుకొచ్చిన గొడవ అని గ్రంథంలోనే చుక్కలను తీసివేస్తే, రెండు మాటలు ఒకటిగా కలిసిపోయి, భాషకున్న అచ్చులు తరతరానికీ తగ్గిపోతాయి. దీనికి విరుగుడు ఒకటే. వెదికేటప్పుడు చుక్కలను పట్టించుకోకూడదు, చూపేటప్పుడు ఒక్క చుక్కను కూడా వదలకూడదు. అడిగే తొందరలో మనిషి ఏ తప్పు చేసినా మన్నించి, సమాధానంలో మాత్రం పూర్ణరూపాన్ని అందించాలి. మంచి ఉపాధ్యాయుడి నడవడి కూడా అదే కదా.

తెలుగువారికి ఈ బాధ తెలియనిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలు. అంటే నికోబారీ మాట్లాడేవారికన్న తెలుగువారే ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి చేపల వేటకు, కూలికి, ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడినవారు అక్కడ ఎందరో. తెలుగు బైబిలు చరిత్ర కూడా కడగండ్లతో మొదలైనదే. బెంజమిన్ షుల్జ్ 1727లో మొదలుపెట్టి 1732లో ముగించిన అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఆనందరాయర్ సహాయంతో పని సాగించారు. 1812లో శ్రీరాంపూరులో సువార్తలు కొన్ని వెలువడేనాటికి ఆ ఇద్దరూ మరణించారు.

కంప్యూటరు కాలంలోనూ తెలుగు తేలికగా గట్టెక్కలేదు. మొదట ఒక్కొక్క ముద్రణాలయానికి ఒక్కొక్క అక్షరక్రమం. ఒకచోట టైపు చేసిన పేజీ మరొకచోట అర్థంలేని గుర్తుల గుంపుగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటిలో తెలుగుకు స్థానం దొరికినా, ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చే నేర్పు ఫోన్లకు రావడానికి ఏళ్లు పట్టింది. అక్షరమున్న చోట ఖాళీ డబ్బాలు కనిపించిన రోజులను ఇంకా ఎవరూ మరచిపోలేదు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. జ్ఞా అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోనులోని యాప్‌లు స్తంభించిపోయాయి. ప్రపంచమంతా ఆ వార్త మారుమోగింది. కొద్దిరోజులలోనే ఆపిల్ సంస్థ ఆ లోపాన్ని సవరించింది. జ్ఞానానికి మొదటి అక్షరాన్ని మోయలేక యంత్రం కూలబడిందని తెలుగువారు నవ్వుకున్నారు.

ఆ నవ్వు వెనుక ఒక బలం ఉంది. ఎనిమిది కోట్లమంది భాష కనుక ప్రపంచం విన్నది, లోపం సవరించబడింది. ఇరవైతొమ్మిది వేలమంది భాషలో ఒక చుక్క జారిపోతే ఏ పత్రికా వార్త రాయదు, ఏ సంస్థా ఉలిక్కిపడదు. దానిని కనిపెట్టవలసినవాడు ఆ పాఠాన్ని టైపు చేసిన మనిషి, సరిచూసిన మరొక మనిషి. చిన్న భాషకు కాపలాదారులు చాలా కొద్దిమంది.

సముద్రం అడుగున తీగ

2020 ఆగస్టు 10న చెన్నై నుండి అండమాన్ నికోబార్ దీవులకు సముద్రగర్భంలో వేసిన కేబుల్ ప్రారంభమైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. కార్ నికోబార్ కూడా ఆ తీగతో ముడిపడింది. అంతకుముందు దీవులన్నీ ఉపగ్రహాల మీదనే ఆధారపడేవి. ఒక చిత్రం దిగుమతి కావడానికి నిరీక్షించిన కాలం అది. ఇప్పుడు పరిస్థితి మారింది. అయినా తుపాను వచ్చినా, విద్యుత్తు పోయినా, తీగకు హాని కలిగినా దీవి మళ్లీ ఒంటరిదే.

కనుక దీవులవారి కోసం చేసే సాఫ్ట్‌వేరుకు మొదటి ధర్మం, నెట్‌వర్కును అడగకపోవడం. పాఠమంతా ఫోనులోనే ఉండాలి. రెండవ ధర్మం, చేతి నుండి చేతికి మారగలగడం. ఒక ఫోనులోని యాప్ బ్లూటూత్ ద్వారా పక్క ఫోనుకు, మెమరీ కార్డు ద్వారా పక్క దీవికి పోగలగాలి. ఫోను కూడా నీటిలో మునిగేదే. ఉప్పునీరు తగిలితే కాగితానికన్న త్వరగా పాడవుతుంది. యంత్రపు బలం దాని గట్టితనంలో లేదు. ఒక ప్రతి పోయిన చోట పది ప్రతులు ఖర్చు లేకుండా పుట్టడంలో ఉంది.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది. అచ్చు పుస్తకంలో తప్పు ఉంటే అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. సాఫ్ట్‌వేరులో పాఠాన్ని ఎక్కడో కూర్చున్న ఒకరు మార్చవచ్చు. మరునాడు అందరి ఫోన్లలో ఆ వాక్యం నిశ్శబ్దంగా మారిపోతుంది. పాతది ఏమిటో ఎవరికీ గుర్తుండదు. మార్చే అధికారం ఎవరిది? ముస్ గ్రామపు పెద్దలదా, నగరంలోని కార్యాలయానిదా, యంత్రం నడిపేవారిదా? సాఫ్ట్‌వేరు తయారుచేసేవారు బహుశా తరచుగా దాటవేసే ప్రశ్న ఇదే. అక్షరాన్ని మోసే హక్కు వేరు, మార్చే హక్కు వేరు. పడవవాడు సరుకును తీరం చేరుస్తాడు, మూట విప్పి సరిదిద్దడు.

ఈ దీవులలో బయటివారు ఇష్టానుసారం తిరగడానికి వీలులేదు. ఆదిమజాతుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధన నేటికీ అమలులో ఉంది. 2018 నవంబరులో ఉత్తర సెంటినెల్ దీవికి ఆ నిషేధాన్ని కాదని, మతప్రచారం కోసం వెళ్లిన అమెరికన్ యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అడగని చోటికి గ్రంథాన్ని మోసుకుపోవడం ఒక సంగతి. తమలో పుట్టిన మనిషి తమ మాటలలో కూర్చిన గ్రంథాన్ని తమవారికే పదిలపరచడం మరొక సంగతి. నికోబారీ బైబిలును విశ్వాసగ్రంథంగా చూడనివారికి కూడా అది ఆ భాష మాటల ధాన్యాగారం. చేపకు, గాలికి, చుట్టరికానికి, దుఃఖానికి ఆ దీవివారు వాడిన మాటలు అందులో వరుసగా నిలిచి ఉన్నాయి.

చనిపోయినవారి పేరుతోపాటు మాటను కూడా మరచిపొమ్మన్న ఆచారం ఒకప్పుడు ఈ దీవులలో ఉండేది. జాన్ రిచర్డ్‌సన్ మరణించి నలభై ఏళ్లకు పైగా గడిచాయి. ఆయన ఏరి కూర్చిన మాటలలో ఒకదానిని ఏ నికోబారీ విద్యార్థో, చుక్కలు లేకుండా, తొందరలో, తన ఫోనులో టైపు చేసి వెదకవచ్చు. ఆ మాట వచ్చిన వచనాలన్నీ ఆ తెర మీద వరుసగా నిలవాలి. ప్రతి దానిలోనూ చుక్క తన చోటనే ఉండాలి. సాఫ్ట్‌వేరు నేర్పును కొలవడానికి అంతకుమించిన కొలమానం అక్కరలేదు.